మంట మొదలయ్యాక గ్యాస్ మాత్ర వేస్తే ఎందుకు తగ్గట్లేదు?

మైపాడు_గేటు
ఎవరన్నా కాస్త విడమరిచి చెప్పండి, నాకు విసుగొచ్చేసింది. రొయ్యల మేత ఏజెన్సీలో పని, రాత్రి తొమ్మిదిన్నర దాటితే గాని ఇల్లు చేరను. పదికి తిని పదిన్నరకల్లా మంచమెక్కుతా. పన్నెండు దాటేసరికి రొమ్ము ఎముక వెనక భగభగమని మంట, గొంతులోకి పుల్లటి నీళ్ళు, దగ్గు. లేచి పాంటాప్రజోల్ 40 వేసుకుంటా. పిసరంత కూడా తగ్గదు. కాసేపు కూర్చుని, కాసేపు నడిచి, మజ్జిగ తాగి, రెండింటికి ఎప్పుడో కన్ను మూత పడుతుంది. మందుల షాపులో చెప్తే మాత్ర మార్చి రాబెప్రజోల్ ఇచ్చారు, అదీ అంతే. తర్వాత పేరు చివర 'డి' ఉన్నది ఇచ్చారు, దానికీ లొంగలేదు. మా ఆఫీసులో సగం మంది ఇవే మింగి హాయిగా ఉన్నామంటారు. ఏంది కథ, నాకే పనిచేయవా, లేక డమ్మీ మాత్రలు అంటగడుతున్నారా?

కారందోసె
ముందే చెప్తున్నా, నిన్నటి చేపల పులుసు మానేయమని ఎవరైనా అంటే ఈ చర్చలో నేనుండను.

మందులషాపు_బాబాయ్
మాత్ర బాగానే ఉందబ్బాయ్, వేసే టైమే కుదరలేదు. మంట మొదలయ్యాక వేసే మందు కాదది. అన్నానికి అరగంట నుంచి గంట ముందు వెయ్యాలి. చీటీ మీద డాక్టరు 'తినకముందు' అని రాసినా ఎవరూ చూడరు, మేం కవరు మీద రాసిచ్చినా చూడరు. మధ్యరాత్రి మంట పుట్టాక పాంటాప్రజోల్ వేసుకుని ఇంకా తగ్గలేదేంటని ఎదురుచూసే వాళ్ళు మా కౌంటరు ముందు రోజూ కనపడతారు. మాత్ర మార్చినా ఒరిగేదేం లేదు. పాంటాప్రజోల్, రాబెప్రజోల్, ఒమెప్రజోల్, ఈసోమెప్రజోల్ అన్నీ ఒక తల్లి పిల్లలే.

పొదిలి_పిల్లోడు
తినకముందు మంటే ఉండదు కదా, అప్పుడు ఎందుకు వెయ్యాలి? తలనొప్పి రాకముందే తలనొప్పి మాత్ర వేసుకోమన్నట్టుంది.

కెమిస్ట్రీ_మేష్టారు
పిల్లోడు మంచి ప్రశ్న వేశాడు. కొంచెం పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

పొట్ట గోడలో పెరైటల్ కణాలని ఉంటాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం తయారుచేసేది అవే. ఇంటర్ ల్యాబులో మీరు బ్యూరెట్లో పోసే ఆమ్లమే ఇదీ. కడుపులో ఉండేది ఇదేనని 1824లోనే విలియం ప్రౌట్ అనే ఇంగ్లండు వైద్యుడు తేల్చాడు. ఈ కణాలకి 'తయారుచెయ్' అనే కబురు మూడు దారుల్లో వస్తుంది. మెదడు నుంచి వేగస్ నరం వెంబడి అసిటైల్‌కోలిన్, పొట్ట కింది భాగం నుంచి రక్తంలో కలిసి వచ్చే గ్యాస్ట్రిన్ అనే హార్మోను, పక్క కణాలు వదిలే హిస్టమిన్. కబురు ఏ దారిన వచ్చినా చివరికి పని చేసేది ఒక్కటే, ప్రోటాన్ పంపు. ఒక పొటాషియం అయానును లోపలికి లాక్కుని ఒక హైడ్రోజన్ అయానును బయటికి తోస్తుంది. పులుపుని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. రక్తం పీహెచ్ 7.4 ఉంటే పొట్టలో ఒకటిన్నర దరిదాపుల్లో ఉంటుంది. అంటే రక్తంలో కంటే దాదాపు పది లక్షల రెట్ల గాఢతలో హైడ్రోజన్ అయాన్లు అక్కడ పేరుకునేలా తోస్తోందన్నమాట.

పాంటాప్రజోల్ కుటుంబం చేసేది ఈ పంపుని పట్టుకోవడం. కానీ మింగిన మాత్ర పొట్టలో నేరుగా పనిచేయదు. పేగులోకి పోయి, రక్తంలో కలిసి, తిరిగి ఆ పెరైటల్ కణాల దగ్గరికి చేరుతుంది. అక్కడ ఆమ్లం ఊరే సన్నటి గొట్టాల్లోకి వెళ్ళాక, ఆ పులుపుకే దాని రూపం మారి, పంపులో సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఇక వదలదు. ఆ పంపు మళ్ళీ పనిచేయదు, కణం కొత్త పంపు కట్టుకోవాల్సిందే. అందుకే మందు రక్తంలో ఒకటి రెండు గంటలే ఉన్నా ఫలితం ఒక రోజంతా ఉంటుంది.

ఇప్పుడు అసలు మెలిక. నడుస్తున్న పంపుని మాత్రమే పట్టుకోగలదు. ఖాళీ కడుపున పంపులు చాలావరకు కణం లోపల ముడుచుకుని ఉంటాయి. అన్నం పడగానే పైకొచ్చి పని మొదలెడతాయి. సరిగ్గా ఆ సమయానికి మందు రక్తంలో ఉండాలి. అందుకే అరగంట ముందు. తిన్న రెండు గంటలకి వేస్తే, మందు రక్తంలోకి ఎక్కేసరికి పంపుల పని ముగింపుకొస్తుంది. ఊరాల్సిన ఆమ్లం అప్పటికే ఊరిపోయింది, గొంతులోకీ వచ్చేసింది.

కారందోసె
మేష్టారు రిటైరయ్యాక కూడా బోర్డు వదల్లేదు.

కెమిస్ట్రీ_మేష్టారు
ఇంకా మూడేళ్ళుంది లేవయ్యా.

రొయ్యలచెరువు
ఇంత కెమిస్ట్రీ అక్కర్లేదు బ్రదర్. నీళ్ళలో ఈనో కలుపుకుని తాగితే రెండు నిమిషాల్లో బ్రేవ్‌మని తేన్పు, మంట మాయం. మేం చెరువు గట్టు మీద పడుకునేవాళ్ళం, అరగంట ముందు గంట ముందు అంటే మాకు కుదరదు. చెరువు నీళ్ళకి గాలి ఎక్కించే ఏరియేటర్ ఎప్పుడాగుద్దో తెలీదు, అన్నం ఎప్పుడు తింటామో తెలీదు.

కెమిస్ట్రీ_మేష్టారు
రొయ్యలచెరువు గారూ, మీ భాషలోనే చెప్తా. చెరువులో నీళ్ళు ఎక్కువైతే తోడిపొయ్యడం ఈనో. నీళ్ళు పెట్టే మోటారు ఆపడం పాంటాప్రజోల్. మోటారు ఆపినంత మాత్రాన ఉన్న నీళ్ళు తగ్గవు, మైపాడు_గేటు గారి బాధ అదే. తోడిపోస్తే అప్పటికి తగ్గుతాయి గాని మోటారు నడుస్తూనే ఉంటుంది, అందుకే మీకు గంటా రెండు గంటలకి మళ్ళీ మంటొస్తుంది. నిజం చెప్పండి, వస్తుందా లేదా?

ఇంకోటి, ఆ తేన్పు లోపల ఇరుక్కున్న గ్యాస్ బయటికి పోవడం వల్ల వచ్చేది కాదు. సోడియం బైకార్బొనేట్ ఆమ్లంతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, దాన్నే మీరు తేన్చుతున్నారు.

రొయ్యలచెరువు
వస్తది, తెల్లారుజామున ఇంకో ప్యాకెట్టు చింపుతా. కానీ మా చెరువులో మోటారు ఆపితే రొయ్యలు చస్తాయి మేష్టారూ 😀

కెమిస్ట్రీ_మేష్టారు
నవ్వులాటకి అన్నా అందులో నిజముంది. ఆమ్లాన్ని పూర్తిగా ఆపకూడదు. తిండితో వచ్చే సూక్ష్మజీవుల్లో చాలావాటిని చంపేది అదే. మాంసకృత్తుల్ని విరగ్గొట్టే పెప్సిన్‌కి ఆ పులుపు కావాలి. తిండిలోంచి విటమిన్ బి12 విడిపడాలన్నా, ఆకుకూరల్లో ఇనుము ఒంటికి పట్టాలన్నా అదే కావాలి. పాంటాప్రజోల్ రోజూ వేసినా పంపులన్నీ ఆగవు. మూడు నాలుగు రోజులు వరసగా వేస్తే పట్టుబడేవి పట్టుబడతాయి, కొత్తవి పుట్టేవి పుడుతుంటాయి, మూడింట రెండొంతుల పైచిలుకు ఆగిన దగ్గర నిలకడగా ఉంటుంది. మొదటి మాత్రతోనే పనిచేయలేదని తిట్టుకోవద్దనేది ఇందుకే.

నైట్‌డ్యూటీ
రొయ్యలచెరువు అన్నా, మీకు బీపీ ఉందా? ఈనోలో సోడియం బాగా ఉంటుంది. ఎప్పుడో పెళ్ళి భోజనం చేసినప్పుడు ఒకటి తాగితే పర్లేదు, రోజూ అయితే ఉప్పు నీళ్ళు తాగుతున్నట్టే లెక్క. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్న వాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. అప్పటికప్పుడు మంటకి గులాబీరంగు సిరప్పులు నయం, వాటిలో అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉంటాయి. అల్యూమినియం మలబద్ధకం చేస్తుంది, మెగ్నీషియం విరేచనం చేస్తుంది, అందుకే రెండూ కలిపి పెడతారు. కిడ్నీ పేషెంట్లు మాత్రం అవి కూడా డాక్టర్ని అడక్కుండా వాడొద్దు, ఆ లోహాలు ఒంట్లో పేరుకుంటాయి.

రొయ్యలచెరువు
బీపీ మాత్ర వాడుతున్నా చెల్లెమ్మా. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదే.

గూడూరు_నిమ్మ
ఈ మాత్రలు, సిరప్పులు అన్నీ కంపెనీల వ్యాపారం. మా తాత తొంభై దాటి బతికాడు, ఏనాడూ గ్యాస్ మాత్ర మింగలేదు. కడుపు మండితే నిమ్మకాయ పిండి, చిటికెడు సోడా ఉప్పు వేసి, పొంగుతుండగా తాగేవాడు. జీలకర్ర నమిలేవాడు. అంతే.

మందులషాపు_బాబాయ్
మీ తాత తాగిందీ ఈనోయే నిమ్మ గారూ. ఈనోలో ఉండేది సోడా, సిట్రిక్ ఆమ్లమే. ఆయన కంపెనీకి డబ్బులివ్వకుండా తయారుచేసుకున్నాడు, అంతే తేడా.

కారందోసె
😂😂 గూడూరు బ్రాండు ఈనో

గూడూరు_నిమ్మ
నవ్వండి నవ్వండి. నిమ్మకాయ పుల్లగా ఉన్నా కడుపులోకి పోయాక క్షారంగా మారుతుందని చాలా చోట్ల రాశారు.

కెమిస్ట్రీ_మేష్టారు
కడుపులో అట్టా మారదు. సిట్రిక్ ఆమ్లం ఆమ్లమే, కాకపోతే కడుపులో ఉన్నదానితో పోలిస్తే బలహీనం. ఒంట్లో అరిగాక మూత్రం మీద కనపడే ప్రభావం వేరు, పొట్టలో జరిగేది వేరు, ఆ రెండూ కలిపేసి రాస్తుంటారు. అన్నవాహికలో ఇప్పటికే ఒరుసుకుపోయి ఉన్నవాళ్ళకి నిమ్మరసం తాగితే మంట పెరుగుతుంది. జీలకర్ర, మజ్జిగ అయితే మామూలుగా హాని లేదు, హాయిగా తాగండి.

గూడూరు_నిమ్మ
నాకు మాత్రం తగ్గుతుంది. ఎవరి ఒళ్ళు వాళ్ళకి తెలుసు.

ఉలవపాడు_మామిడి
ఇదివరకు రాంటాక్ అని మాత్ర ఉండేది కదా, మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఎప్పుడూ ఒక స్ట్రిప్ ఉండేది. ఇప్పుడు మా డాక్టరు రాయట్లేదు. క్యాన్సర్ వస్తుందని విన్నా, నిజమేనా? చిన్నప్పటి నుంచి వాడిన మందు, కొంచెం టెన్షన్‌గా ఉంది.

మందులషాపు_బాబాయ్
అది రానిటిడిన్. 2019లో దాని మాత్రల్లో ఎన్‌డీఎంఏ అనే రసాయనం బయటపడింది. అది మనుషుల్లో క్యాన్సర్ కారకం కావచ్చని లెక్కేసే పదార్థం. నిలవున్న కొద్దీ, ముఖ్యంగా వేడికి, మాత్రలోనే అది పెరుగుతుందని తేలింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 ఏప్రిల్‌లో మార్కెట్ నుంచి మొత్తం తీసేయమంది. మన దేశంలో 2022లో అత్యవసర మందుల జాబితా కొత్తగా వేసినప్పుడు రానిటిడిన్‌ని తీసేశారు. ఎప్పుడో వాడినదానికి ఇప్పుడు భయపడి ఒరిగేదేం లేదు. ఇంట్లో పాత స్ట్రిప్ ఉంటే మాత్రం పారేయండి.

అదే తరగతిలో ఫామోటిడిన్ ఉంది, దానికి ఈ గొడవ లేదు.

పొదిలి_పిల్లోడు
అదే తరగతి అంటే? అవి కూడా పంపుని పట్టుకునేవేనా?

కెమిస్ట్రీ_మేష్టారు
కాదు. మూడు కబుర్లు చెప్పాను కదా, అందులో హిస్టమిన్ కబురుని ఇవి అడ్డుకుంటాయి. హిస్టమిన్ వచ్చి కూర్చోవాల్సిన చోటు పేరు హెచ్‌2 గ్రాహకం, దాని మీద ఇవి ముందే కూర్చుంటాయి. జలుబుకీ దురదకీ వేసే సెట్రిజిన్ కూర్చునేది హెచ్‌1 మీద, అందుకే అది వేసుకుంటే కడుపు మంట తగ్గదు. హెచ్‌2 మందుల్ని కనిపెట్టిన దారి ముచ్చటైనది. జేమ్స్ బ్లాక్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్త, హిస్టమిన్ అణువునే కొద్దికొద్దిగా మారుస్తూ పోయి, గ్రాహకం మీద కూర్చుంటుంది గాని దాన్ని మేల్కొలపదు అన్న రూపం దగ్గర ఆగాడు. అట్టా వచ్చిన సిమెటిడిన్ 1976లో ఇంగ్లండులో అమ్మకానికి వచ్చింది. అంతకుముందు అల్సర్ ముదిరితే పొట్టలో కొంత భాగం కోసెయ్యడమో, వేగస్ నరం తెంపడమో చేసేవాళ్ళు. ఆ ఆపరేషన్లు చాలావరకు తగ్గాయి. బ్లాక్‌కి 1988లో నోబెల్ వచ్చింది. పంపుని పట్టుకునే ఒమెప్రజోల్ మార్కెట్లోకి వచ్చింది కూడా ఆ ఏడాదే.

హెచ్‌2 మందులు ఒక్క దారినే మూస్తాయి, మిగతా రెండు దారులూ తెరిచే ఉంటాయి కాబట్టి బలం తక్కువ. రాత్రిపూట ఊరే ఆమ్లం మీద మాత్రం బాగా పనిచేస్తాయి. రోజూ వేస్తే వారం రెండు వారాల్లో ఒళ్ళు అలవాటుపడి పట్టు తగ్గుతుంది.

మైపాడు_గేటు
ఇంత తెలీదు. సరే, నేను పదికి తింటాను కదా, తొమ్మిదికి బైకు మీద ఉంటా. అప్పుడు వెయ్యాలా? పొద్దున వేస్తే కుదరదా?

మందులషాపు_బాబాయ్
మామూలుగా పొద్దున టిఫినుకి ముందే చెప్తారు. పంపులు ఎక్కువగా మేలుకునేది రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపులో టిఫిన్ పడ్డప్పుడే. మీ బాధంతా రాత్రిది కాబట్టి రాత్రి అన్నానికి ముందు వేసుకోమని కొందరు డాక్టర్లు చెప్తారు. ఏది మీకు పడుతుందో ఒకసారి చూపించుకుని అడగండి. రాత్రికే అంటే ఆఫీసులో బండి తీసేముందు నీళ్ళతో వేసుకుని రండి.

'డి' మాత్ర మాత్రం మీ అంతట మీరు కొనసాగించొద్దు. అందులో డోంపెరిడోన్ ఉంటుంది, పొట్టలోది త్వరగా కిందికి జారేటట్టు చేసే మందు. వాంతులకి మంచిదే గాని గుండె లయ మీద ప్రభావం ఉంది. ఐరోపా మందుల సంస్థ 2014లోనే మామూలుగా వారం దాటి వాడొద్దంది. మన దగ్గర అది నెలల తరబడి మింగుతున్నారు.

చీమకుర్తి_రాయి
ఆపడం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నేను ఏళ్ళ తరబడి ఒమెప్రజోల్ వాడా. అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు ఒంటిపూట భోజనం, మసాలా లేదు, ఇంకెందుకులే అని ఒక్కసారిగా ఆపేశా. కొన్నాళ్ళకే మంట మొదలైంది చూడండి, మందు మొదలెట్టక ముందు కూడా అంత లేదు. క్వారీలో వంగి కొలతలు తీస్తుంటే నోట్లోకి వచ్చేసేది. స్వామీ శరణం అనుకుంటూ మళ్ళీ మాత్ర వేసుకున్నా. అంటే జీవితాంతం ఇది మింగాల్సిందేనా? అలవాటు మందా ఇది?

కెమిస్ట్రీ_మేష్టారు
మత్తుమందుల్లాంటి అలవాటు కాదు. ఆమ్లం తగ్గేసరికి పొట్ట 'చాలట్లేదు' అనుకుని గ్యాస్ట్రిన్ పెంచుతుంది. నెలల తరబడి గ్యాస్ట్రిన్ ఎక్కువుంటే ఆమ్లం ఊరించే ఏర్పాటంతా బలపడుతుంది. మాత్ర ఉన్నన్నాళ్ళు పంపులు ఆగి ఉంటాయి కాబట్టి తెలీదు. ఆపగానే కొత్త పంపులు, ఎక్కువ గ్యాస్ట్రిన్, రెండూ కలిసి విజృంభిస్తాయి. 2009లో డెన్మార్క్ వాళ్ళు ఏ కడుపు బాధా లేని 120 మందిని తీసుకుని చూశారు. సగం మందికి ఎనిమిది వారాలు ఈసోమెప్రజోల్ ఇచ్చి తర్వాత ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు, మిగతా సగానికి మొదట్నుంచీ ఉత్తుత్తిదే. మందు ఆపాక వాళ్ళలో 44 శాతం మందికి మంటో పులితేన్పులో వచ్చాయి, ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 15 శాతానికే. అసలు జబ్బే లేనివాళ్ళు వీళ్ళు!

మందులషాపు_బాబాయ్
అందుకే మెల్లగా దించాలి. డాక్టర్లు మామూలుగా డోసు సగం చేసి కొన్నాళ్ళు, తర్వాత రోజు విడిచి రోజు, మధ్యలో మంటొస్తే సిరప్పో ఫామోటిడినో, అట్టా దించుతారు. కొన్ని వారాలు ఓర్చుకుంటే గ్యాస్ట్రిన్ దారిలోకొస్తుంది. ఎందుకు మొదలెట్టారో తెలుసుకోకుండా ఆపొద్దు కూడా. అల్సర్ అయి రక్తం కారినవాళ్ళు, ఆస్ప్రిన్ మీద ఉన్న పెద్దవాళ్ళు ఆపకూడదు.

కనిగిరి_కోడలు
నా ప్రశ్న అదే బాబాయ్. మా అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, మా వైపు నీళ్ళ సంగతి తెలుసుగా, ఫ్లోరైడ్. నొప్పి మాత్ర లేనిదే పొయ్యి దగ్గరికి రాలేదు. డాక్టరు దాంతోపాటు గ్యాస్ మాత్ర కూడా రోజూ రాశాడు. ఇప్పుడు ఎవరో వాట్సాప్‌లో గ్యాస్ మాత్రలు వాడితే ఎముకలు విరుగుతాయి, కిడ్నీలు పోతాయి, మతిమరుపు వస్తుంది అని వీడియో పంపితే ఆవిడ గ్యాస్ మాత్ర ఒక్కటీ తీసి పక్కన పెట్టి నొప్పి మాత్ర మాత్రం మింగుతోంది.

నైట్‌డ్యూటీ
అయ్యో, పక్కన పెట్టాల్సింది ఉంచుకుని ఉంచుకోవాల్సింది పక్కన పెట్టారు అక్కా. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి నొప్పిని తగ్గించేది ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల్ని ఆపి. పొట్ట గోడకి జిగురు పొర, బైకార్బొనేట్ కాపలా పెట్టేది కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అవి ఆగితే కాపలా పోయి ఆమ్లం గోడనే తింటుంది. పెద్దవాళ్ళలో నొప్పి కూడా తెలీకుండా పుండు పడి రక్తం కారుతుంది. తారులాగా నల్లగా, జిగటగా, దుర్వాసనతో విరేచనం అయ్యిందంటే అదే. మా వార్డుకి అట్టా వచ్చే ముసలివాళ్ళని అడిగితే చాలామంది మోకాళ్ళకి మాత్రలు వాడుతున్నామనే చెప్తారు.

వీడియోలో చెప్పినవి పూర్తిగా గాలి కబుర్లు కావు, సాగదీశారు. ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గొచ్చు, మెగ్నీషియం తగ్గొచ్చు, పేగు ఇన్ఫెక్షన్లు కొంచెం ఎక్కువ. తుంటి ఎముక విరగడం కాస్త ఎక్కువ కనపడిందని కొన్ని పరిశీలనలు చెప్పాయి, కానీ మాత్ర వల్లే అని తేలలేదు, మతిమరుపు సంగతి కూడా అంతే. కిడ్నీలో వాపు అరుదుగా వస్తుంది. అసలు కిడ్నీకి ఎక్కువ ముప్పు ఆ నొప్పి మాత్రే. రోజూ వాడే నొప్పి మాత్ర తగ్గించే మార్గం ఉందేమో డాక్టర్ని అడగండి. అది ఉన్నన్నాళ్ళు గ్యాస్ మాత్ర ఉండాలి. బి12, కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్ ఒకసారి చూపించండి.

కనిగిరి_కోడలు
ఇది ఆవిడకి చదివి వినిపిస్తా. నేను చెప్తే వినదు, నర్సమ్మ చెప్పిందంటే వింటుంది.

పొదిలి_పిల్లోడు
అల్సర్ అంటే కారం తింటే, టెన్షన్ పడితే వస్తుందనుకున్నా.

కారందోసె
కారం మీద చేతులు వెయ్యకురా అబ్బాయ్, నెల్లూరోళ్ళమిక్కడ ఉన్నాం.

కెమిస్ట్రీ_మేష్టారు
కారందోసెకి శుభవార్త. కారం పుండు మీద పడితే మండుతుంది గాని పుండు పుట్టించదు. అల్సర్లకి పెద్ద కారణాలు రెండు, నొప్పి మాత్రలు, హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ బ్యాక్టీరియా సంగతి చెప్తే ఎవరూ నమ్మలేదు, అంత ఆమ్లంలో బ్యాక్టీరియా ఎట్టా బతుకుతుందన్నారు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా పెంచిన ద్రవాన్ని తనే తాగేశాడు. కొద్ది రోజులకే కడుపులో వాపు, వాంతులు. వాళ్ళిద్దరికీ 2005లో నోబెల్ ఇచ్చారు.

ఉలవపాడు_మామిడి
తాగేశాడా! వాళ్ళావిడ ఏమందో.

మందులషాపు_బాబాయ్
దీనికి సంబంధించి ఒక ముఖ్యమైన సంగతి. ఈ బ్యాక్టీరియాకి ఊపిరి పరీక్షో, మలం పరీక్షో, ఎండోస్కోపీలో ముక్క తీసో చూస్తారు. పాంటాప్రజోల్ లాంటివి రెండు వారాలు ముందే ఆపకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేదని రావచ్చు. యాంటీబయోటిక్ వాడితే నాలుగు వారాలు ఆగాలి. ఆపొచ్చో లేదో డాక్టర్నే అడగండి. ఉందని తేలితే రెండు యాంటీబయోటిక్స్, పక్కన ఆమ్లం తగ్గించే మాత్ర, మామూలుగా పద్నాలుగు రోజుల కోర్సు. మధ్యలో నోరు చేదుగా ఉందని ఆపేసి మా దగ్గరికి మళ్ళీ వస్తారు.

గూడూరు_నిమ్మ
ఇప్పుడు ఒప్పుకుంటారా, ఊరికే పది రూపాయల మాత్రలు మింగుతూ కారణం చూసుకోకపోవడం తప్పేనని? నేను మొదట్నుంచీ చెప్తోంది అదే.

మందులషాపు_బాబాయ్
అది మాత్రం ఒప్పుకుంటా నిమ్మ గారూ. నిమ్మకాయ మాత్రం ఒప్పుకోను.

నైట్‌డ్యూటీ
ఇంకోటి చెప్పకుండా ఉండలేను. రాత్రి డ్యూటీలో ఒకాయన్ని తెల్లవారుజామున తీసుకొచ్చారు. రాత్రి పదకొండు నుంచి ఛాతీలో గ్యాస్ పట్టిందని సోడా తాగాడు, రెండు గ్యాస్ మాత్రలు వేశాడు, వీపు మీద గుద్దించుకున్నాడు. ఈసీజీ తీస్తే గుండెపోటు. ఆ గంటలు చాలా విలువైనవి. మంటతో పాటు చెమటలు, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, నడిస్తే పెరిగే ఛాతీ బరువు ఉంటే మాత్ర వేసి చూద్దామని ఆగొద్దు. షుగరు ఉన్నవాళ్ళలో, ఆడవాళ్ళలో నొప్పి సరిగ్గా తెలీకుండా ఉత్త వికారం, నీరసంలా కూడా వస్తుంది. 108కి ఫోన్ చేయండి, ఈసీజీ తీయించండి. అది గ్యాస్ అని తేలితే సంతోషమే కదా.

చీమకుర్తి_రాయి
ఇది అందరూ చదవాలి. మా క్వారీలో ఒక డ్రైవరు ఇట్టాగే పోయాడు.

మైపాడు_గేటు
నాది నడిస్తే తగ్గుతుంది, పడుకుంటే పెరుగుతుంది, పుల్లటి నీళ్ళు వస్తాయి. అయినా ఈసీజీ తీయించుకుంటా, నలభై దాటా. ఒక డౌటు, మాత్ర సరిగ్గా వేసినా ఆ నీళ్ళు పైకి రావడం ఆగుతుందా? నాకు ఆ దగ్గే ఎక్కువ చిరాకు.

కెమిస్ట్రీ_మేష్టారు
ఆగదు, అదే చాలామందికి తెలీని సంగతి. అన్నవాహిక, పొట్ట కలిసేచోట బిగుసుకునే కండరం ఉంటుంది. అది వదులైతే పొట్టలోది పైకొస్తుంది. మాత్ర ఆ కండరాన్ని బిగించదు, పైకొచ్చే నీళ్ళని తక్కువ పుల్లగా చేస్తుందంతే. అప్పుడు మంట తగ్గుతుంది, అన్నవాహిక పుండు మానుతుంది. పైకి రావడం తగ్గాలంటే తిండికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలుండాలి, పొట్ట చుట్టూ కొవ్వు తగ్గాలి, సిగరెట్టు, తాగుడు తగ్గాలి.

మైపాడు_గేటు
రెండు దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నా, తేడా ఏం లేదు.

నైట్‌డ్యూటీ
దిండ్లు వద్దు అన్నా. దిండ్లు పెడితే మెడ, నడుము వంగి పొట్ట నొక్కుకుపోతుంది, ఇంకా ఎక్కువొస్తుంది. మంచం తల వైపు రెండు కోళ్ళ కింద ఆరేడు అంగుళాల ఎత్తు వచ్చేలా ఇటుకలు పెట్టండి, మనిషి మొత్తం వాలుగా ఉండాలి. ఎడమ పక్కకి తిరిగి పడుకోండి, అప్పుడు పొట్ట సంచి కిందకి, అన్నవాహిక పైకి ఉంటుంది.

కారందోసె
ఇటుకలు పెట్టాక వదిన ఏమన్నదో చెప్పు అన్నా.

మైపాడు_గేటు
ఆవిడ ఇప్పటికే ఈ థ్రెడ్ చదివి, పదింటికి అన్నం పెట్టనంటోంది. ఏజెన్సీకే టిఫిన్ బాక్సు పంపుతుందట, ఎనిమిదింటికల్లా తినెయ్యాలంట.

ఉలవపాడు_మామిడి
కొత్తగా వోనోప్రజాన్ అని వచ్చిందట, తిండికి ముందు వెనక చూడక్కర్లేదంట. హైదరాబాదులో మా తమ్ముడికి రాశారు. అది మంచిదా?

మందులషాపు_బాబాయ్
జపాన్‌లో 2015 నుంచి వాడుతున్నారు, మన దగ్గర ఈమధ్యే వచ్చింది. అది కూడా ఆ పంపునే ఆపుతుంది గాని దారి వేరు, పొటాషియం వచ్చి చేరే చోట అడ్డం కూర్చుంటుంది. ఆమ్లంతో రూపం మారాల్సిన పని లేదు, పంపు నడుస్తుందా లేదా అని చూడదు, మొదటి రోజు నుంచే గట్టిగా పనిచేస్తుంది. అన్నవాహిక బాగా ఒరుసుకుపోయిన వాళ్ళకి, పైలోరీ కోర్సులో వాడుతున్నారు. మామూలు మంటకి పాంటాప్రజోల్ సరైన టైముకి వేసుకోవడం కూడా చేయకుండా ఖరీదైన దాని వెంట పడటం దండగ.

రొయ్యలచెరువు
మా అమ్మకి మాత్ర మింగడం రాదు, రోట్లో నూరి తేనెలో ఇస్తున్నాం. సరేనా?

మందులషాపు_బాబాయ్
ఇవి నూరకూడదు. ఆ మాత్ర మీద పొర వేసేదే పొట్టలో ఆమ్లం తగలకుండా, పేగులో కరగాలని. ఆమ్లం తగిలితే మందు అక్కడే చెడిపోతుంది. నూరితే ఆ పొర పోయింది, మీరు ఇస్తున్నది తేనె మాత్రమే. ఒమెప్రజోల్ క్యాప్సూల్ అయితే విప్పి, లోపలి గుండ్రటి పూసల్ని నలపకుండా ఒక చెంచా మెత్తటి యాపిల్ గుజ్జులో కలిపి, నమలకుండా మింగించొచ్చు. ఇంకా కష్టమైతే నీళ్ళలో కలిపే పొడి ప్యాకెట్లు ఉన్నాయి, డాక్టర్ని అడిగితే రాస్తారు.

కనిగిరి_కోడలు
చివరిగా ఒకటి. నాకు థైరాయిడ్ మాత్ర పరగడుపున, గ్యాస్ మాత్ర కూడా పరగడుపునే అన్నారు. రెండూ ఒకేసారి వేసేసుకోవచ్చా?

నైట్‌డ్యూటీ
థైరాయిడ్ మాత్ర లేవగానే మంచినీళ్ళతో వేసుకో అక్కా. అరగంట ఆగి గ్యాస్ మాత్ర, ఇంకో అరగంటకి టిఫిన్. కాఫీ కూడా ఆ తర్వాతే. ఆమ్లం తగ్గితే థైరాక్సిన్ ఒంటికి పట్టడం కొంచెం తగ్గుతుంది కాబట్టి, గ్యాస్ మాత్ర రోజూ మొదలెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ ఒకసారి చూపించుకో. అల్యూమినియం సిరప్పు గాని, క్యాల్షియం, ఐరన్ మాత్రలు గాని వాడితే వాటికీ థైరాయిడ్ మాత్రకీ మధ్య నాలుగ్గంటలు గడవాలి.

కనిగిరి_కోడలు
ఐరన్ మాత్ర కూడా ఉంది. అది మధ్యాహ్నానికి మారుస్తా.